తెలుగు ఫైల్లో మాట వెతకడానికి పైథాన్ మేలా, పెర్ల్ మేలా?

ఫైల్లో ఫలానా మాట ఉందో లేదో తెలిస్తే చాలుననుకుంటే పైథాన్, పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలు రెండూ ఒకటే. పైథాన్‌లో ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను కంప్యూటర్లో దాచే పద్ధతిలో) తెరిచి, ఒక్కో లైన్లో ఆ మాట ఉందేమో ‘ఇన్’ (in) అనే కీవర్డుతో చూస్తే సరిపోతుంది. పెర్ల్‌లోనైతే విడిగా స్క్రిప్టు కూడా అక్కర్లేదు. -n, -e అనే స్విచ్‌లు పెట్టి టెర్మినల్‌లోనే ఒక్క లైన్లో ముగించవచ్చు. ఇంగ్లీషు లాగ్ ఫైళ్లకు నేను పెర్ల్‌నే వాడతాను, కానీ ఆ కోడును రేపు మరొకరు చదివి మార్చవలసి ఉంటే పైథాన్‌లో రాయడమే మర్యాద.

ఫైల్లో ఉన్నది తెలుగైతే, అందులోనూ పూర్తి పదాన్నే వెతకాలంటే, లెక్క మారుతుంది. పైథాన్‌తో వచ్చే, నమూనాలతో వెతికే ‘ఆర్ఈ’ (re) మాడ్యూల్‌లో పదంలోని అక్షరాన్ని సూచించే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే గుర్తిస్తుంది. గుణింతపు గుర్తులను, పొల్లును పదంలో భాగంగా లెక్కించదు. అందువల్ల ‘తెలుగు’ అనే పదాన్ని ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతికి వస్తాయి. పద సరిహద్దును సూచించే బ్యాక్‌స్లాష్ బీ (\b)ని రెండు వైపులా పెట్టి ‘రామ’ అని వెతికినా, మ తరువాతి కొమ్ము దగ్గరే పదం ముగిసిందనుకుని ‘రాముడు’ ఉన్న లైన్లను కూడా తెచ్చి పెడుతుంది. పెర్ల్ ఈ గుర్తులను పదంలోనే కలుపుకుంటుంది కాబట్టి ‘రాముడు’ జోలికి పోదు.

అయితే పెర్ల్‌కు ముందే చెప్పవలసినవి రెండున్నాయి: స్క్రిప్టులోని తెలుగును ‘యూజ్ యూటీఎఫ్8’ (use utf8) అనే లైనుతో ప్రకటించాలి, ఫైలును కూడా అదే ఎన్‌కోడింగ్‌లో తెరవాలి. ఒకటి చేసి మరొకటి మరిస్తే, ఎర్రర్ ఏదీ చూపకుండానే, కళ్లెదుట ఉన్న మాట కూడా దొరకలేదంటుంది. నా దృష్టిలో ఎర్రర్‌తో ఆగిపోవడం కన్నా ఇది ప్రమాదం. పైథాన్ 3లో స్క్రిప్టు ఎలాగూ యూటీఎఫ్-8గానే చదవబడుతుంది, ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ పేరు రాస్తే చాలు.

ఐత్వం విషయంలో రెండింటికీ ఒకే చిక్కు. ‘పై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడుగానూ రాయవచ్చు, రెండు కోడ్లుగా విడగొట్టీ రాయవచ్చు, చూపుకు తేడా ఉండదు, వెతుకులాట మాత్రం తప్పుతుంది. ఫైల్లోని పాఠాన్నీ, వెతికే మాటనూ ఎన్ఎఫ్‌సీ (ఇలా విడిపోయిన కోడ్లను ఒకటిగా కలిపే యూనికోడ్ ప్రామాణిక రూపం) లోకి మార్చుకుంటే ఇది తీరుతుంది, అందుకు కావలసిన మాడ్యూళ్లు రెండు భాషలతోనూ వస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో టకు, వకు నడుమ కనిపించకుండా ఉండి, అవి ఒత్తుగా కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు మాత్రం ఎన్ఎఫ్‌సీతో పోదు, దాన్ని విడిగా తీసేయాలి.

కాబట్టి తెలుగులో పూర్తి పదాలను వెతకడానికి పెర్ల్ మేలు. పైథాన్‌నే వాడక తప్పదంటే, ‘ఆర్ఈ’కి బదులు, పైథాన్ మాడ్యూళ్లను ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో ‘రెజెక్స్’ (regex) మాడ్యూల్ వేసుకోవాలి. అది గుణింతాలను పదంలో భాగంగానే చూస్తుంది.