ట్రింకోమలీలో ఓడ దిగాక బస్సు టూరు కొనకండి

చెన్నై నుంచి శ్రీలంక వెళ్లే ఓడ ఎక్కాలనుకుంటున్న మన తిరుపతి వాళ్లకి ముందే చెప్తున్నా. ఒడ్డున ఊరు చూపిస్తామని ఓడలో అమ్మే టూర్లు కొనకండి. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీలో అయితే అసలే వద్దు. మేము, మా తోడల్లుడి కుటుంబం ఒకే ఓడలో వెళ్లాం. వాళ్లు టూరు కొన్నారు, మేం కొనలేదు. ఎవరికి ఏం దక్కిందో కళ్లారా చూశాక రాస్తున్నాను.

ఓడలో గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, పెరుగన్నం కూడా దొరికింది. ముందు ఆగిన హంబన్‌తోట రేవులో ఎండకి భయపడి పెద్దగా తిరగలేదు.

ట్రింకోమలీ చేరే ముందు రాత్రి టూర్ల కౌంటర్ దగ్గరకి వెళ్లాం. కోనేశ్వరం శివుడి గుడి, కోట, బీచ్ కలిపి మనిషికి 65 డాలర్లన్నారు. అంటే 5,400 రూపాయల పైమాటే. సొంతంగా వెళ్తాం అంటే అక్కడి అమ్మాయి, "ఊళ్లో బండ్లు దొరకవు సార్, ఆలస్యమైతే ఓడ ఆగదు" అంది. ఓడ ఆగదన్నది నిజమే. బండ్లు దొరకవన్నది మాత్రం పచ్చి అబద్ధం. పొద్దున జెట్టీ గేటు దాటగానే త్రీవీలర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఊరికే టెన్షన్ పడే మా తోడల్లుడు మాత్రం ఆ మాటకి బెదిరిపోయి, ముగ్గురికీ కలిపి 16,400 రూపాయలు కార్డు మీద కట్టేశాడు.

మా వెంట మా అత్తగారు ఉన్నారు. ఆవిడది నగరి. తెలుగెంతో తమిళమూ అంతే. ట్రింకోమలీలో తమిళం వస్తే సగం పని అయిపోయినట్టే. త్రీవీలర్ అతను ముందు 9,000 చెప్పాడు, వాళ్ల రూపాయల్లో. "తంబీ" అని మొదలుపెట్టి ఆవిడ ఏం మాట్లాడారో గానీ, గుడి, కన్నియా వేడినీళ్ల బావులు, భోజనానికి ఆగడం, తిరిగి జెట్టీ అన్నీ కలిపి 6,000కి ఒప్పుకున్నాడు. మన డబ్బుల్లో దాదాపు 1,700, అదీ ముగ్గురికి. డబ్బు మాత్రం జెట్టీ దగ్గర మార్చుకోకండి. అక్కడ మన రూపాయికి 3.20 ఇస్తామన్నారు, ఊళ్లో 3.50 ఇచ్చారు.

గుడి స్వామి రాక్ అనే కొండ కొమ్మున ఉంది. ఫ్రెడరిక్ కోట లోపలి నుంచే వెళ్లాలి. కోటలో చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. ఒకటి మా ఆవిడ చేతిసంచిలో మూతి పెట్టి అరటిపండు లాక్కుంది. పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు ఇక్కడి పెద్ద గుడిని కూల్చేసి, ఆ రాళ్లతోనే ఈ కోట కట్టారు. 1950లో బావి తవ్వుతుంటే పాత గుడి విగ్రహాలు బయటపడ్డాయి. ఇప్పుడున్న గుడికి 1963లో కుంభాభిషేకం చేశారు. మన శ్రీకాళహస్తీశ్వరుడి మీద పాడిన తమిళ శివభక్త కవి సంబంధరే ఈ కోనేశ్వరుడి మీదా పాడారని అత్తగారు చెప్పారు. నాకు ఆ సంగతి తెలియదు. గుడిలో తోపులాట లేదు, క్యూ లేదు. అమ్మవారు మాదుమైయాళ్ ఎదుట ఆవిడ తీరిగ్గా కూర్చుని ఒక పదిగం, అంటే తమిళ భక్తి పాట, మొత్తం పాడుకున్నారు. పూజారి మధ్యలో ఆపలేదు, ముగిసేదాకా ఆగి హారతి ఇచ్చారు. తిరుమలలో "జరగండి" అన్న మాటకి అలవాటుపడ్డ మాకు అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు. గుడి పక్కన కొండ నిలువునా చీలి ఉంటుంది, రావణుడి కత్తివేటు అంటారు. అక్కడి నుంచి తొంగిచూస్తే కింద ముదురు నీలం సముద్రం. పిల్లల్ని పట్టుకోండి.

కన్నియా ఊరి బయట ఉంది. తల్లి కర్మ చేయడానికి నీళ్లు కావాలని రావణుడు ఈ బావులు పుట్టించాడని కథ. మొత్తం ఏడు, అన్నీ చదరంగా, నడుం లోతుకి మించకుండా ఉంటాయి. దిగకూడదు, బకెట్‌తో తోడి పోసుకోవాలి. ఒక్కోదాంట్లో వేడి ఒక్కోలా ఉంది. అత్తగారు ప్రతి బావిలోనూ ముందు వేలు ముంచి చూసి, తర్వాత నెత్తిన పోసుకున్నారు. బాగా వేడిగా ఉన్న బావి దగ్గర మాత్రం పాదాల మీదే పోసుకున్నారు. మోకాళ్ల నొప్పులతో ఓడ మెట్లు దిగడానికే కష్టపడ్డ మనిషి, ఏడు బావుల దగ్గరా వంగి లేచారు. బట్టలు మార్చుకునే చోటు అంత బాగాలేదు, పొడి చీర, తువ్వాలు తీసుకెళ్లండి. భోజనం డ్రైవర్ చూపించిన చిన్న శాకాహార హోటల్లో చేశాం. ఇడియాప్పం, కొబ్బరిపాలతో చేసిన సొది అనే పలచటి కూర, ఎర్రటి కొబ్బరి పచ్చడి సంబల్. ముగ్గురికి 1,950, మన డబ్బుల్లో 560 లోపే.

ఇక బస్సులో వెళ్లినవాళ్ల సంగతి. ముందు బీచ్‌లో ఇరవై నిమిషాలు ఆపి, తర్వాత రంగురాళ్ల నగల కొట్టుకి తీసుకెళ్లారట. టీ ఇచ్చి, తలుపు దగ్గర మనిషిని నిలబెట్టి, గంటంబావు అక్కడే. గుడికి చేరేసరికి మధ్యాహ్నం మూసేశారు. మూసిన తలుపుకి దణ్ణం పెట్టుకుని వచ్చేశారు. దేవుడి కోసమే డబ్బు కట్టిన మా మరదలు బస్సులో ఏడ్చిందట. రాత్రి భోజనం దగ్గర తోడల్లుడు ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. కౌంటర్‌కి వెళ్లి అడిగితే, "గుడి టైమింగ్స్ మా చేతుల్లో లేవు సార్" అన్నారు. ప్రతి ట్రిప్పూ ఇదే ఊరికి వచ్చేవాళ్లకి గుడి ఎప్పుడు మూస్తారో తెలియదా? ముందు గుడికి తీసుకెళ్లి, తర్వాత కొట్టుకి తీసుకెళ్తే ఏం పోయేది? డబ్బు వెనక్కి ఇవ్వరట, బార్‌లో వాడుకునే కూపన్లు ఇస్తారట. మా తోడల్లుడి ఇంట్లో ఎవరూ మందు ముట్టరు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి వచ్చాను, ఇప్పటిదాకా జవాబు లేదు.

సొంతంగా తిరిగేవాళ్లు ఓడ చెప్పిన టైముకి రెండు గంటల ముందే జెట్టీకి వచ్చేయండి. పాస్‌పోర్ట్ కాపీ దగ్గర ఉంచుకోండి. డ్రైవర్‌కి డబ్బు మొత్తం చివర్లోనే ఇవ్వండి.

తర్వాత ఓడ ఉత్తరాన కంకేసంతురై రేవులో ఆగినప్పుడు తోడల్లుడు కౌంటర్ వైపే చూడలేదు. రెండు త్రీవీలర్లు మాట్లాడుకుని అందరం కలిసి యాళ్‌పాణం (జాఫ్నా)లో నల్లూరు కందస్వామి, అంటే మన సుబ్రహ్మణ్యస్వామి, గుడికి వెళ్లాం. మగవాళ్లు చొక్కా విప్పే లోపలికి వెళ్లాలి. అక్కడ అర్చన టికెట్టు ఒక్క రూపాయి. మా మరదలు ఇంటిల్లిపాది పేర్లు చెప్పి అర్చన చేయించుకుంది.