నాలుగున్నరేళ్లు వాడాక చెప్తున్నా: గ్లవ్స్, స్ట్రాప్స్, రిస్ట్ ర్యాప్స్‌లో ఏది దేనికి

మా వైజాగ్ ఉక్కపోతలో, అదీ ఏసీ లేని జిమ్‌లో, మే నెలలో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) చేసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. నడుము, కాళ్లు ఇంకో రెండు రెప్స్‌కి రెడీగానే ఉంటాయి, బార్ మాత్రం తడి సబ్బులా వేళ్లలోంచి జారిపోతుంది. పైగా నావి చిన్న చేతులు, రెండు నాలుగు సైజు గాజులు పడతాయి. మా జిమ్‌లో ఉన్నవన్నీ 20 కిలోల మగవాళ్ల బార్లే, ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో వాడే 15 కిలోల 25 మిల్లీమీటర్ల సన్న బార్ ఒక్కటి కూడా లేదు. అందుకే చేతికి ఏం తొడగాలి, ఏం కట్టాలి అన్నదాని మీద నేను పెట్టినంత డబ్బూ టైమూ మా బ్యాచ్‌లో ఇంకెవరూ పెట్టలేదు.

అందరిలాగే ముందు గ్లవ్స్ కొన్నా, 300 రూపాయలు, అరచేతిలో మెత్తటి ప్యాడింగ్ ఉన్నవి. చేతులు కాయలు కాయకూడదని కొన్నా కానీ కాయలు కాశాయి, ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ ఆ ప్యాడింగ్ మడత పడి చర్మాన్ని బార్‌కీ గ్లవ్‌కీ మధ్య నొక్కేస్తుంది. అసలు నష్టం వేరే, గ్లవ్ వేసుకుంటే చేతికి బార్ ఇంకా లావైపోతుంది, చిన్న చేతులవాళ్లకి అప్పటికే పూర్తిగా చుట్టుకోని వేళ్లు ఇంకా విడిపోతాయి. ఐదు నెలలకి కుట్లు ఊడాయి, వాసన సంగతి సరేసరి. వీణ వాయించేవాళ్లు, చేతులు మెత్తగా ఉండాల్సిన పని చేసేవాళ్లు తేలిక బరువులకి వాడుకుంటే తప్పులేదు, పట్టు కోసం మాత్రం కొనొద్దు.

తర్వాత స్ట్రాప్స్. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఏంటంటే స్ట్రాప్స్, ర్యాప్స్ రెండూ ఒకటే అనుకుంటారు. స్ట్రాప్ అంటే మణికట్టుకి తగిలించి బార్‌కి చుట్టే పట్టీ, అది పట్టు కోసం, అంటే లాగే వ్యాయామాలకి, డెడ్‌లిఫ్ట్, రో, పుల్‌డౌన్ లాంటివాటికి. ర్యాప్ అంటే మణికట్టు చుట్టూ బిగించే పట్టీ, అది మణికట్టు వెనక్కి వంగకుండా ఉండటం కోసం, అంటే తోసేవాటికి, బెంచ్ ప్రెస్, ఓవర్‌హెడ్ ప్రెస్ లాంటివాటికి. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు.

నా మొదటి జత నైలాన్‌ది, చెమట పడితే జారేది, మణికట్టు దగ్గర కోసుకుపోయేది. తర్వాత కొన్న మందపాటి కాటన్ జత, ఒక చివర లూప్ ఉండే మామూలు రకం, 450 రూపాయలు, అదే మూడేళ్లకి పైగా వచ్చింది. కట్టడం మాత్రం రెండు నెలలు తప్పుగానే కట్టా. పట్టీ తోక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి బయటికి రావాలి, వేళ్లు బార్‌ని పై నుంచి చుట్టుకుంటే పట్టీ కింద నుంచి ఎదురు దిక్కున చుట్టుకోవాలి, నేను వేళ్లతోపాటే అటే చుట్టేసేదాన్ని, బార్ బరువెక్కగానే విడిపోయేది. ఎనిమిది అంకె ఆకారంలో ఉండేవి కూడా ఒక ఫ్రెండ్ దగ్గర వాడి చూశా, పట్టు గట్టిగానే ఉంటుంది కానీ అవసరమైతే బార్ వదిలెయ్యడం కుదరదు, నాకు భయమేసింది. ఇంకోటి, క్లీన్ (బార్‌ని నేల మీంచి ఒక్క ఊపులో భుజాల మీదికి ఎత్తే వ్యాయామం) చేసేటప్పుడు ఏ స్ట్రాపూ కట్టొద్దు, బార్ భుజాల మీదికి తిరిగేటప్పుడు చెయ్యి ఇరుక్కుంటే మణికట్టు పోతుంది.

స్ట్రాప్ ఎప్పుడు వాడాలి అంటే, నా లెక్క ఇది. వార్మప్ సెట్లు, ఆ రోజు చేసే అన్నిటికన్నా బరువు సెట్టు ఉత్త చేతులతో, ఆ తర్వాత చేసే ఎక్కువ రెప్స్ సెట్లకి, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కి, రోకి స్ట్రాప్స్. మొదటి ఏడాది అన్నిటికీ కట్టేసుకుంటే ఉత్త చేతులతో 60 కిలోలు దాటలేకపోయా, ఈ పద్ధతిలోకి వచ్చాక మెల్లగా 95 దాకా వచ్చా. హుక్ గ్రిప్ కూడా నేర్చుకున్నా, బొటనవేలిని బార్‌కి ఆనించి మిగతా వేళ్లతో దాన్ని పైనుంచి నొక్కిపట్టడం, మొదటి నెల బొటనవేళ్లు బాగా నొప్పెడతాయి, టేప్ చుట్టుకుంటే తట్టుకోవచ్చు. సిడ్నీ 2000లో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది ఉత్త పట్టుతోనే కదా, వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో స్ట్రాప్స్ ఒప్పుకోరు. పవర్‌లిఫ్టింగ్‌లోనూ (స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ పోటీలు) అంతే. ఎప్పటికైనా పోటీకి వెళ్లాలని ఉన్నవాళ్లు ఇది మొదటి రోజు నుంచే గుర్తుపెట్టుకోండి.

ఇక రిస్ట్ ర్యాప్స్, నేను ఎక్కువ నేర్చుకుంది వీటి దగ్గరే. ఓవర్‌హెడ్ ప్రెస్‌లో కుడి మణికట్టు వెనకవైపు నొప్పి మొదలైతే 36 అంగుళాల బాగా బిగుతు రకం ఆర్డర్ పెట్టా. నా సన్న మణికట్టుకి అన్ని చుట్లు చుడితే కట్టు కట్టినట్టు ఉండేది, అయినా నొప్పి తగ్గలేదు. ఒకరోజు మా కోచ్ చూసి "ఏమ్మా, ర్యాప్ కట్టావా, వాచీ పెట్టుకున్నావా?" అన్నారు. నిజమే, కీలు కింద ముంజేతికి కట్టుకుంటున్నా. ర్యాప్ సగం కీలు కిందకీ సగం అరచేతి మొదలు మీదకీ రావాలి, కీలు మధ్యలో ఉండాలి, అప్పుడే వంగకుండా ఆపుతుంది. ఆయన అక్కడితో ఆగలేదు, ర్యాప్స్ విప్పించి, బెంచ్ 40 నుంచి 30కి దించి, మూడు వారాలు ఒక్కటే చూశారు, బార్ ఎక్కడ కూర్చుంటోంది అని. నాకు బార్ వేళ్ల మొదట్లో కూర్చునేది, అందుకే మణికట్టు వెనక్కి విరిగేది. అరచేతి మడమ మీద, అంటే మణికట్టు పక్కనుండే గట్టి భాగం మీద, ముంజేతి ఎముకకి సరిగ్గా పైన కూర్చోబెట్టడం అలవాటయ్యాక నొప్పి చాలావరకు పోయింది. అంటే నేను 900 రూపాయలు పెట్టి కొన్నది అసలు సమస్యని దాచిపెడుతోంది, ఆ సంగతి తెలిసినప్పుడు నిజంగా బాధేసింది. (బరువులు ఎత్తనప్పుడు కూడా నొప్పి ఉంటే, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే ర్యాప్స్ కొనకండి, డాక్టర్‌కి చూపించుకోండి.)

ఇప్పుడు 18 అంగుళాల మధ్యరకం బిగుతువి వాడుతున్నా, బరువు సెట్లకి మాత్రమే, సెట్ అవ్వగానే వదులు చేస్తా. పోటీకైతే ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య) రూల్ ప్రకారం పొడవు 1 మీటర్, వెడల్పు 8 సెంటీమీటర్లు దాటకూడదు, లిఫ్ట్ చేసేటప్పుడు ర్యాప్ లూప్ బొటనవేలికి తగిలించి ఉండకూడదు.

చేతులు జారకుండా రాసుకునే చాక్ గురించి రెండు మాటలు. పొడి చాక్ మా జిమ్ ఓనర్ ఒప్పుకోరు, లిక్విడ్ చాక్ వాడతా, అందులో మెగ్నీషియం కార్బొనేట్‌తోపాటు ఆల్కహాల్ ఉంటుంది, అర నిమిషంలో ఆరిపోతుంది, కాయ చిట్లి ఉంటే మాత్రం భగ్గుమంటుంది. వైజాగ్ చెమటకి స్ట్రాప్స్ కన్నా ముందు ఇదే కొనమంటా. కాయల్ని స్నానమయ్యాక ప్యూమిస్ రాయితో రుద్దుకుంటే చిట్లవు.

ఉతకడం చేత్తోనే, ర్యాప్స్ వెల్క్రో మూసేసి, లేకపోతే దానికి పీచు పట్టి అతుక్కోవడం మానేస్తుంది. వానాకాలంలో తడిగా బ్యాగ్‌లో వదిలేస్తే ఒక్కరోజులో ముక్కిన వాసన వస్తుంది, ఇంటికి రాగానే ఫ్యాన్ కింద ఆరేస్తా. కాటన్ స్ట్రాప్ కుడిది లూప్ దగ్గర కుట్టు విడుతోంది, అందుకే మొన్న అదే రకం ఇంకో జత ఆర్డర్ పెట్టా, ర్యాప్స్ ఇంకో ఏడాది వస్తాయి.