నాలుగో పొర దగ్గర తేలే గుణం: ఒక మిక్స్‌డ్ మీడియా స్కెచ్‌బుక్ సమీక్ష

స్కెచ్‌బుక్‌ల గురించి రాసే సమీక్షలు చాలావరకు మొదటి పేజీతోనే ముగిసిపోతాయి. పెన్సిల్ హాయిగా సాగింది, ఇంకు వెనక్కి దిగలేదు, రంగు వేస్తే కాగితం కొద్దిగా ఉబ్బింది అన్న మూడు వాక్యాలతో తీర్పు వచ్చేస్తుంది. ఆ తీర్పు నాలాంటి చిత్రకళ విద్యార్థికి పెద్దగా అక్కరకు రాదని ఈ పుస్తకం వాడిన ఏడు నెలల్లో తెలుసుకున్నాను. ఒకే కాగితం మీద బొగ్గు, ఇంకు, యాక్రిలిక్, జిగురు, మళ్లీ బొగ్గు వరసగా పడే మిక్స్‌డ్ మీడియా పనిలో కాగితం గుణం మొదటి పొర వేసినప్పుడు కాదు, నాలుగో పొర వేసేటప్పుడు బయటపడుతుంది. అందుకే పుస్తకం చివరి కాగితం దాకా వచ్చాకనే ఇది రాస్తున్నాను.

ఇది ఏ4 కొలతలో, 40 కాగితాలతో, ఎడమ అంచున జంటతీగ స్పైరల్‌తో కూర్చిన పుస్తకం. అట్ట మీద 250 జి.ఎస్.ఎం. అనీ, ఆమ్లరహితమనీ (అంటే త్వరగా పసుపెక్కి పెళుసుబారదనీ), తడి పొడి మాధ్యమాలు రెండింటికీ పనికొస్తుందనీ రాసి ఉంది. జి.ఎస్.ఎం. అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఫొటోకాపీలకు వాడే మామూలు కాగితం 80 దగ్గర, నీటిరంగుల కాగితం ఎక్కువగా 300 దగ్గర ఉంటాయి కనుక ఇది రెండోదానికే దగ్గరి చుట్టం. అట్ట మీది అంకెను ఊరికే నమ్మడం ఎందుకని మొదట్లోనే నాలుగు కాగితాలు చించి తూచాను. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కనుక నాలుగింటికి కలిపి 62.5 గ్రాములు రావాలి. తూకంలో 62 వచ్చింది. చిల్లుల వెంట చించడంలో అంచు కొంత స్పైరల్‌కే ఉండిపోతుందని అనుకుంటే అంకె నిజాయితీగలదే. అయితే కాగితాన్ని తేల్చేది బరువొక్కటే కాదు. అది పత్తి నారదా, కలప గుజ్జుదా అన్నదీ, నీటిని ఒక్కసారిగా పీల్చకుండా పట్టే సైజింగ్‌ను గుజ్జులోనే కలిపారా, పైన కూడా పూశారా అన్నదీ అంతకంటే ముఖ్యం. ఈ రెండింటి గురించి అట్ట మీద ఒక్క మాట లేదు. చించినచోట అంచు పొట్టిగా, పొడిపొడిగా తెగిన తీరు చూస్తే నాకు కలప గుజ్జే అనిపించింది. ముందువైపు సన్నని గరుకు ఉంది, వెనకవైపు కొంత నున్నగా ఉంది. ఈ తేడా సంగతి కూడా అట్ట చెప్పదు.

నేను ఈ పుస్తకాన్ని వాడింది ఒకే పనికి: నా ముఖాన్నే నేను గీసుకున్న వరస బొమ్మలకు. అస్తిత్వం అనే మాట వినగానే పెద్ద పెద్ద చర్చలు గుర్తొస్తాయి గానీ, బొమ్మ వేసే మనిషికి అది చాలా చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఏ ముఖం గీయాలి? అద్దంలో కనిపించేదా, గుర్తింపు కార్డు మీద ఉన్నదా, పదేళ్లనాటి బడి ఫొటోలోదా? నా కుడి చెంప మీద ఒక పుట్టుమచ్చ ఉంది. అద్దంలో చూసుకుంటూ గీస్తే బొమ్మలో అది కుడివైపు పడుతుంది, ఫొటో చూసి గీస్తే ఎడమవైపు పడుతుంది. పుట్టినప్పటి నుంచి నేను నాదనుకుంటున్న ముఖాన్ని నేను తప్ప మరెవరూ చూడలేదన్నమాట. ఈ ముఖాలన్నిటినీ ఒకే కాగితం మీద ఒకదానిపై ఒకటి వేసుకుంటూ పోవడం నా పద్ధతి. పై పొర కింది పొరను పూర్తిగా కప్పేస్తే పని చెడినట్టే. కింది పొర ఏమాత్రం లొంగకపోయినా చెడినట్టే. కాగితం నుంచి నేను ఆశించేది ఈ రెంటి మధ్య బెత్తెడు చోటు.

పొడి మాధ్యమాల దగ్గర ఈ కాగితం బాగా నెగ్గింది. 2బి, 4బి పెన్సిళ్లకు గరుకు సరిపోయింది, వాటికంటే మెత్తగా, నల్లగా ఉండే 8బి మాత్రం గుంటల్లో చిక్కుకోక పైపైన తేలి మెరుపు కొట్టింది. కాల్చిన కొమ్మ బొగ్గు ముందువైపు చక్కగా పట్టుకుంది. నాకు బాగా నచ్చింది చెరిపినప్పటి తీరు. పిండిలా మెత్తగా ఉండే నీడెడ్ ఇరేజర్‌తో అద్ది తీస్తే బొగ్గు మూడొంతులు లేచివస్తుంది గానీ మిగిలిన వంతు గుంటల్లోనే ఉండిపోతుంది. కన్ను తప్పు చోట గీసి, చెరిపి, పక్కన మళ్లీ గీస్తే పాత కన్ను బూడిదరంగు నీడగా అక్కడే నిలుస్తుంది. శుభ్రమైన తెలుపు కావలసినవాళ్లకు ఇది లోపమే. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ బొగ్గుబొమ్మను గీసి, చెరిపి, అదే కాగితం మీద మార్చి గీస్తూ, ప్రతి దశనూ కెమెరాతో పట్టి 1989 నుంచి కదిలే బొమ్మలు తయారుచేశాడు. ఆయన పనికి ప్రాణం ఆ చెరగని మరకల్లోనే ఉంది. ఆ మార్గంలో ఒక అడుగైనా వేయాలనుకునేవారికి మరీ తెల్లగా చెరిగే కాగితం ఎందుకూ పనికిరాదు. ఒకే చోట నాలుగైదుసార్లు చెరిపినా ఈ కాగితం నూగు లేవలేదు. గట్టి ప్లాస్టిక్ రబ్బరుతో రుద్దితే మాత్రం మూడోసారికే లేచింది.

తడి విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. ఇండియన్ ఇంకును నీటితో పలచన చేసి ఒక వాష్ (పలచని పూత) వేస్తే కాగితం కొద్దిగా ఉబ్బి, ఆరాక బరువు పెడితే దారికొచ్చింది. రెండో వాష్‌కు అలలు పడ్డాయి, అవి మరి పోలేదు. మాస్కింగ్ టేపుతో నాలుగు అంచులూ బిగించి వేస్తే నయమే గానీ, టేపు తీసేటప్పుడు పైపొర అక్కడక్కడ దానితోపాటు వచ్చేసింది. నీటిరంగుల కోసమే కొనదలచినవారు దీని జోలికి పోకపోవడం మంచిది.

అసలు పరీక్ష జెల్ ట్రాన్స్‌ఫర్ దగ్గర ఎదురైంది. టోనర్ (లేజర్ యంత్రాల్లో వాడే నల్లని పొడి)తో తీసిన ఫొటోకాపీని, యాక్రిలిక్ జెల్ మీడియం అనే చిక్కని పారదర్శక పూత పూసిన పేజీ మీద బోర్లా అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు వెనకనుంచి తడిపి వేలితో రుద్దుతూ కాగితాన్ని వదిలిస్తే, నల్లని టోనర్ మాత్రం జెల్‌లో మిగిలిపోతుంది. ఇంక్‌జెట్‌తో తీసినవి ఈ పనికి రావు, తడి తగలగానే అలుక్కుపోతాయి. నైజీరియాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న న్జిడేకా అకున్‌యిలి క్రాస్బీ కూడా ఫొటోలను ద్రావకంతో కాగితం మీదికి దించి, వాటిని రంగులతో, పెన్సిళ్లతో కలిపి, రెండు దేశాల మధ్య బతికే కుటుంబ జీవితాన్ని చిత్రిస్తుంది. ఆమె బొమ్మల్లో గోడలకూ బట్టలకూ అతుక్కున్న ఆ ముఖాలను ముద్రణలో చూశాకనే నాకీ పద్ధతి మీద గురి కుదిరింది.

మొదటి ప్రయత్నం చేదు అనుభవమే. ఫొటోకాపీని తడిపి రుద్దుతుంటే దానితోపాటు స్కెచ్‌బుక్ కాగితం కూడా చిన్న చిన్న ఉండలుగా లేచింది. జెల్ పలచగా పడినచోట నుదురు భాగం పూర్తిగా ఊడి వేలికి అంటుకుంది. రెండోసారి ముందుగా జెస్సో అనే తెల్లని అడుగుపూత పూశాను, అదీ కాగితానికి రెండువైపులా. ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు కాగితం ఆ వైపుకు వంకర తిరుగుతుంది. రెండోవైపు కూడా పూస్తే లాగుడు సమమవుతుంది. ఈ జాగ్రత్తతో కాగితం పది నిమిషాల రుద్దుడును ఓర్చుకుంది. జెస్సోలో సుద్ద కలిసి ఉంటుంది కనుక గరుకు కూడా తిరిగి వచ్చింది. జెల్ ఆరిన నున్నని చోట బొగ్గు జారిపోతుంది, అక్కడ కూడా పలచగా పారదర్శక జెస్సో పూయక తప్పలేదు.

ఇలా దించిన వాటిలో ఒకటి నా గుర్తింపు కార్డు కాపీని ముఖం కొలతకు పెంచి తీసినది. అడుగున అంతకుముందే అద్దం చూసి గీసిన బొగ్గుబొమ్మ ఉంది. బోర్లా దించినందువల్ల ఫొటో తిరగబడి, ఎడమవైపు ఉండాల్సిన పుట్టుమచ్చ కుడివైపుకు వచ్చి, అడుగునున్న బొగ్గుచుక్క మీద ఇంచుమించు సరిగ్గా కూర్చుంది. ప్రభుత్వ ముద్ర పడిన ముఖం ఆ విధంగా నా అద్దంలోని ముఖమైంది. కానీ దాని కింద ఉన్న నా పేరు కూడా తిరగబడింది. తలకట్లన్నీ ఎడమకు వాలి, అక్షరాలు తెలుగువేనని తెలుస్తున్నా ఒక్కటీ నోటికి రాక, నా పేరును నేనే కూడబలుక్కోవలసి వచ్చింది. పేరును ముందే కంప్యూటర్‌లో తిప్పి ముద్రిస్తే సరిగా పడుతుందని తెలుసు. తిప్పలేదు.

అంటించే పనికి వస్తే, పాబ్లో పికాసో 1912లో కుర్చీ అల్లిక అచ్చువేసిన గుడ్డను చిత్రానికి అంటించి చుట్టూ తాడు బిగించినప్పటి నుంచీ కొలాజ్‌కు, అంటే ముక్కలు అంటించి చేసే బొమ్మకు, ఒకటే చిక్కు: పొరల మందం. అమ్మ పాత ఉత్తరాల కాపీలు, దినపత్రిక ముక్కలు, గుడ్డ పేలికలు అంటించుకుంటూ పోగా 23వ కాగితానికి పుస్తకం అట్ట మూతపడడం మానేసింది. కుట్టిన పుస్తకమైతే వెన్ను చీలిపోయేది. స్పైరల్‌లో తీగకూ కాగితానికీ మధ్య ఖాళీ ఉన్నందున విసనకర్రలా విచ్చుకుని నిలబడింది. పి.వి.ఏ. అనే తెల్ల జిగురును పలచన చెయ్యకుండా పూస్తే కాగితం చదునుగా ఉంది, నీళ్లు కలిపితే ఉబ్బింది. పనిలో పనిగా, అట్ట మీది "ఆమ్లరహితం" అన్న మాటను చూసి మురిసిపోనక్కర్లేదు. దినపత్రిక కాగితంలో లిగ్నిన్ అనే కలప పదార్థం ఎక్కువ, అది వెలుతురుకు పసుపెక్కుతుంది. అలాంటిదాన్ని మనమే తెచ్చి అంటించాక అడుగు కాగితం ఎంత ఆమ్లరహితమైతే ఏం? ముక్కను మంచి కాగితం మీద టోనర్‌తో కాపీ తీసి అంటించడమే క్షేమం.

ఇక లోపాలు. కాగితం సులువుగా చిరగడానికి వేసిన చిల్లుల గీత స్పైరల్ పక్కనే ఉంది. పొడి పనికి అది సదుపాయం. జెస్సో, జెల్, జిగురు ఎక్కి కాగితం బరువెక్కాక అదే బలహీనత. మా తరగతిలో పని చూపించవలసిన రోజు ఉదయం పుస్తకం తెరవగానే అన్నిటికంటే బరువైన పేజీ ఆ గీత వెంట సగం దాకా తెగి వేలాడింది. అప్పటికప్పుడు వెనకనుంచి గుడ్డ టేపు వేసి నిలబెట్టాను. ఇప్పుడు బరువు ఎక్కబోయే ప్రతి పేజీకీ పని మొదలుపెట్టకముందే ఆ టేపు వేస్తున్నాను. పొరలు ఎక్కించుకోవడానికే తయారుచేసిన పుస్తకంలో చిల్లులు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్లు ఇందులో బొమ్మ వేసి చూసినట్టు లేదు.

రెండో లోపం గురించి నాకింకా ఒక నిశ్చయం కుదరలేదు. స్పైరల్ వదులుగా ఉండడం వల్ల పుస్తకాన్ని సంచిలో మోసుకెళ్లినప్పుడు ఎదురెదురు పేజీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే చేసినా బొగ్గు ఎంతోకొంత ఎదుటి పేజీకి అంటుతుంది. నేను ఎప్పుడూ కుడి పేజీలోనే గీస్తాను. ఒకరోజు తెరిచి చూస్తే ఎడమ పేజీ మీద, అంటే వెనకటి కాగితపు నున్నని వీపు మీద, నా ముఖం పలచగా అచ్చుపడి ఉంది. అద్దం చూసి గీసిన బొమ్మ మరోసారి తిరగబడింది కనుక పుట్టుమచ్చ ఎడమవైపుకు మారింది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు నేను కనిపించే ముఖం అది. నేను గీయనిది, సంచిలో కదలికలకు దానంతటదే పడింది. అధ్యాపకులు ఆ రెండు పేజీలనూ పక్కపక్కన చాలాసేపు చూసి, ఎడమవైపుది ఏ మాధ్యమంతో వేశావని అడిగారు.

బొమ్మలను శుభ్రంగా భద్రపరచుకోవలసినవారు ప్రతి రెండు పేజీల మధ్య పలచని నున్నని కాగితం పెట్టుకోవడం తప్పనిసరి. ఆ బాధ పడలేనివారు స్పైరల్ లేని కుట్టు పుస్తకం తీసుకోవడం మేలు. బొగ్గు, పెన్సిల్, జెస్సో, జిగురు, ట్రాన్స్‌ఫర్ కలిపి పొరలుగా పనిచేసే విద్యార్థులకు మాత్రం, చిల్లుల దగ్గర టేపు వేసుకునే ఓపిక ఉంటే, దీన్ని నిస్సంకోచంగా చెప్పగలను. నేను రెండోది కొన్నాను. ఈసారి ఎడమ పేజీలన్నిటికీ ముందే జెస్సో పూసి, గరుకు పుట్టించి, కొమ్మ బొగ్గు మీద ఫిక్సేటివ్ కొట్టకుండా మూసి, సంచిలో వేసుకుని తిరుగుతున్నాను.