స్వీట్ హోమ్ త్రీడీలో మా వంటగట్టు, డాడో టైల్స్: రెండు వారాలు గీశాక

మా అక్కవాళ్ళు విజయవాడ భవానీపురంలో వంటిల్లు చేయించుకున్నప్పుడు ఒక మాడ్యులర్ కిచెన్ షాపువాళ్ళు త్రీడీ బొమ్మ చూపించారు. భలే ఉందనుకున్నాం అందరం. తీరా పనయ్యాక చూస్తే పై కప్‌బోర్డుల కింద రెండంగుళాల టైల్ పట్టీ ఒకటి అతుకు వేసినట్టు మిగిలింది, ఇప్పటికీ టీ పెట్టుకునేటప్పుడల్లా అక్క కళ్ళు అక్కడికే పోతాయి. బొమ్మలో ఆ పట్టీ లేదు, ఎందుకంటే ఆ బొమ్మ కొలతలతో గీసింది కాదు.

అందుకే గుంటూరులో మా ఫ్లాట్ వంటగట్టు మార్చాలనుకున్నప్పుడు నేనే గీద్దామని కంప్యూటర్‌లో ఇంటి ప్లాన్ గీసుకునే సాఫ్ట్‌వేర్ స్వీట్ హోమ్ త్రీడీ వేసుకున్నాను. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. పైన ప్లాన్ గీస్తుంటే కింద త్రీడీ దానంతట అదే తయారవుతుంది. యూనిట్లు అంగుళాల్లోకి మార్చుకోవడం మాత్రం మొదటి పని, మన మేస్త్రీలతో మాట్లాడేది అంగుళాల్లోనే కదా.

గట్టు గీయడానికి ఇందులో ప్రత్యేకంగా బటన్ లేదు. చీఫ్ ఆర్కిటెక్ట్ వాళ్ళ హోమ్ డిజైనర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే కింది కప్‌బోర్డులు పక్కపక్కన పెడితే చాలు, పైన గట్టు బల్ల దానంతట అదే పరుచుకుంటుంది, రోజూ ఇదే పని చేసేవాళ్ళకి అది సుఖం. ఇక్కడ ఒక మామూలు బాక్స్ తీసుకుని పొడవు, వెడల్పు, మందం, నేల నుంచి ఎంత ఎత్తు అన్నీ మనమే నింపాలి. నాకు మేలు చేసింది సరిగ్గా ఇదే. గ్రానైట్ మందం ముప్పావు అంగుళం, గట్టు పై అంచు 33 అంగుళాల దగ్గర రావాలంటే కింద కప్‌బోర్డు 32 పావు ఉండాలి, దాని లోతు 24 అయితే గ్రానైట్ 25 ఉండి ఒక అంగుళం ముందుకు రావాలి. ఇవన్నీ అంకెలు వేసేటప్పుడే తట్టాయి. అమ్మ కోసం 33 అనుకున్నాం, ఎందుకంటే మన స్టవ్ గట్టు మీద కూర్చుంటుంది, దానిమీద గిన్నె, గట్టు ఇంకా ఎత్తయితే సాంబారు కలిపేటప్పుడు భుజం లేపాల్సి వస్తుంది.

మాది ఎల్ ఆకారం గట్టు. రెండు బాక్సులు మూలలో ఒకదానిలోకి ఒకటి దూరితే త్రీడీలో అక్కడ మిణుకుమిణుకుమంటుంది, ఒకటి అంచు దగ్గర ఆపాలి. ఆపితేనే గ్రానైట్ లెక్కలో మూల రెండడుగులు రెండుసార్లు పడకుండా ఉంటుంది.

ఇక డాడో, అంటే గట్టు పైన గోడకి వేసే టైల్స్. గోడకి టైల్ బొమ్మ అతికించడం తేలికే, కానీ నేను అలా చేయలేదు, ఒక్కో టైలుకి ఒక్కో పలచటి బాక్స్ పెట్టాను, 12 అంగుళాల వెడల్పు, 24 ఎత్తు, నేల నుంచి 33 దగ్గర మొదలు. ఒకటి చేసి కాపీ చేసుకుంటూ పోవడమే. విసుగు పని, ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పోయింది. కానీ ఆ మధ్యాహ్నమే తెలిసింది, పై కప్‌బోర్డులు 57 దగ్గర మొదలైతే ఒక్క టైలు కూడా పైన కోయక్కర్లేదని, కిటికీ అంచు 39 దగ్గర ఉంది కాబట్టి దాని కింద ఆరంగుళాల ముక్కలు మూడు చాలని, అవి ఒక్క టైలులోనే వచ్చేస్తాయని, మిక్సీ స్విచ్ బోర్డు మాత్రం సరిగ్గా రెండు టైల్స్ అతుకు మీద పడుతోందని. బోర్డు మూడంగుళాలు జరిపించాం. గోడ కొట్టకముందే తెలిసింది కాబట్టి పెన్సిల్ గీతతో పోయింది.

గ్రానైట్ రంగు విషయంలో జాగ్రత్త. మేము ఎంచుకున్నది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, షాపులో పలకకి ఎదురుగా నిలబడి ఫోన్‌తో తీసిన ఫోటోని టెక్స్చర్‌గా, అంటే గట్టు పైన పరిచే బొమ్మగా ఎక్కించాను. ఎక్కించేటప్పుడు ఆ ఫోటోలో ఉన్నది నిజంగా ఎన్ని అంగుళాల రాయో అడుగుతుంది, అది తప్పు వేస్తే బంగారు చుక్కలు శనగగింజలంత కనిపిస్తాయి. చుక్కల రాయికి ఈ పద్ధతి బాగుంటుంది, చారలున్న మార్బుల్‌కి మాత్రం అదే చార మళ్ళీమళ్ళీ వచ్చి కృతకంగా ఉంటుంది. గెలాక్సీ మెరుపు అయితే ఏ బొమ్మలోనూ రాదు, ఎండలో పలక చూడాల్సిందే.

నాకు బాగా నచ్చింది ఇంట్లో నడిచి చూసే పద్ధతి. మనిషి కళ్ళ ఎత్తు మార్చుకోవచ్చు, అమ్మ ఎత్తుకి పెట్టి స్టవ్ ముందు నిలబెట్టి చూపించాను. "పై అరలో పప్పు డబ్బాలు నాకు అందవే, అటుపక్క ఒక అర కిందికి దించు" అంది. దించాం. ఉత్తరం దిక్కు, ఊరి అక్షాంశం, రేఖాంశం చెప్పి టైమ్ పెడితే ఎండ ఎటు నుంచి పడుతుందో కూడా సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఫోటోలో చూపిస్తుంది, మాది ఆగ్నేయం వంటిల్లు కాబట్టి ఉదయం ఏడింటికి పెట్టి చూశాం. మంచి క్వాలిటీ ఫోటోకి మాత్రం పాత లాప్‌టాప్ చాలాసేపు తీసుకుంటుంది.

గ్రానైట్ అంచుకి గుండ్రటి మౌల్డింగ్ బాక్సుతో రాదు, దానికి షాపులో నమూనా ముక్క చేత్తో తడిమి చూసుకోండి. ప్లాన్ స్కేలు ప్రకారం ప్రింట్ తీసి టైల్స్ మేస్త్రీకి ఇస్తే, టేపు పెట్టి కిటికీ దగ్గర ఒకసారి కొలిచి చూసుకుని, "ముక్కలు ఎక్కడ వస్తాయో కూడా రాసిచ్చారే అమ్మా" అని ఆ కాగితాన్ని గోడకే అతికించుకుని పని మొదలుపెట్టాడు.