హ్యాండ్‌సైకిల్‌పై విజయవాడ దాకా: ఆగిన చోట్ల సంగతులు

వెన్నుపాము గాయాలపై జరుగుతున్న పరిశోధనకు విరాళాలు కూడగట్టాలని గత డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ నుంచి, చేతులతో పెడల్ తిప్పి నడిపే మూడు చక్రాల హ్యాండ్‌సైకిల్‌పై విజయవాడకు బయలుదేరాను. జాతీయ రహదారి 65 మీద సుమారు 270 కిలోమీటర్లు. ఆరు రోజులనుకున్నది ఏడు రోజులు పట్టింది. వెనుక కారులో తమ్ముడు, పక్కనే మామూలు సైకిల్‌పై ఒక మిత్రుడు వచ్చారు. చక్రాల కుర్చీ వాడేవారు ఈ దారిన వెళ్లదలిస్తే పనికివస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

సాధనంతా నగరంలోనే సాగింది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు పైకప్పుగా సౌర ఫలకాలు పరిచారు. వాటితో విద్యుత్తు తయారవుతుంది కానీ, నావంటి వాడికి ఆ నీడే అసలు సదుపాయం. నాకు గాయమైనది ఛాతీ ఎత్తున. ఆ స్థాయిలో వెన్నుపాము దెబ్బతింటే కింది భాగంలో స్పర్శ, కదలికలతో పాటు చెమట పట్టడం కూడా ఆగిపోతుంది కనుక ఒళ్లు తనంతట తాను చల్లబడదు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఆ నీడలో గంటన్నర ఆగకుండా పెడల్ తిప్పగలిగిన నేను, ఎండ నేరుగా పడే హైవే మీద ప్రతి అరగంటకూ ఆగి, మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసాతో మెడ మీద, ఛాతీ మీద నీళ్లు కొట్టుకోవలసి వచ్చింది. అందుకే రోజూ తెల్లవారగానే బయలుదేరి పదిన్నరకల్లా పెద్ద ప్రయాణం ముగించేవాళ్లం.

రోడ్డు గురించి ఫిర్యాదు చేయవలసినది తక్కువే. హయత్‌నగర్ దాటేదాకా రద్దీ ఇబ్బంది పెట్టింది, ఆ తరువాత అంచు వెంబడి సాఫీగా సాగింది. టోల్ గేట్ల దగ్గర ఎడమ పక్కన ద్విచక్ర వాహనాలకు వదిలే సందులో నా మూడు చక్రాల బండి సులువుగా పట్టింది. కూడళ్ల ముందు వేసిన వరుస గీతల గతుకులు మాత్రం ప్రాణం తీశాయి. ఆ అదురుకు కాళ్లు బిగుసుకుని వాటంతట అవే కొట్టుకుంటాయి. చిట్యాల దగ్గర ఒకసారి పాదం పట్టీలోంచి జారి నేలకు రాసుకుంటున్నా నాకు తెలియలేదు, మిత్రుడు చూసి కేక వేశాడు.

అక్కడే టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నా కాళ్ల వంక చాలాసేపు చూసి, "దీనికి మందు లేదా బిడ్డా?" అని అడిగాడు. చేతిలో నరం తెగితే కొంతవరకు మళ్లీ పెరుగుతుందని, వెన్నుపాములో మాత్రం గాయం చోట ఏర్పడే మచ్చ, నరాల పొరలోని కొన్ని ప్రొటీన్లు ఆ ఎదుగుదలను అడ్డుకుంటాయని చెప్పాను. 2018లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో గ్రెగ్వార్ కూర్టీన్ బృందం వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇచ్చి, పూర్తిగా తెగని గాయాలున్న ముగ్గురిని ఆసరాతో అడుగులు వేయించిందని కూడా చెప్పాను. ఆయన ఇరవై రూపాయలు తీసి నా చేతిలో పెట్టాడు. రసీదు రాసి ఇచ్చాను.

ఇక బసల సంగతి. మొదటి రాత్రి చౌటుప్పల్‌లో ఒక లాడ్జికి ముందే ఫోన్ చేసి అడిగితే "లిఫ్ట్ ఉంది సార్" అన్నారు. లిఫ్ట్ ఉన్నమాట నిజమే, అది మూడు మెట్లెక్కిన తరువాత ఉంది. గది శుభ్రంగానే ఉన్నా బాత్‌రూమ్ తలుపు వెడల్పు 24 అంగుళాలు, నా కుర్చీ 25. నాలుగైదు గంటలకొకసారి కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వాడక తప్పని మనిషికి ఆ ఒక్క అంగుళం మంచం, టీవీ, ఏసీలన్నిటికన్నా ముఖ్యం. ఆ రాత్రి తమ్ముడు నన్ను ఎత్తుకుని తీసుకువెళ్లాడు. నకిరేకల్‌లోనూ అదే పరిస్థితి.

సూర్యాపేటలో మేము దిగినది పాత లాడ్జి, అద్దె అన్నిటికన్నా తక్కువ. అక్కడా తలుపు ఇరుకే. టేపు పెట్టి కొలుస్తున్న నన్ను చూసి మేనేజర్ గారు ఏమీ అడగకుండా వడ్రంగిని పిలిపించారు. అతను బందుల మరలు విప్పి తలుపును గోడకు చేరవేసి, గుమ్మానికి మేకు కొట్టి దుప్పటి వేలాడదీశాడు. తలుపు మందం పోవడంతో రెండు అంగుళాలు కలిసివచ్చాయి, కుర్చీ లోపలికి వెళ్లింది. పదిహేను నిమిషాల పని.

ఆ రాత్రే తమ్ముడు ఒళ్లు పరీక్షించి ఫోన్‌లో ఫోటో తీసి చూపించాడు: ఎడమ పిరుదు ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, నొక్కి వదిలినా తెల్లబడడం లేదు. ప్యాంటు వెనుక కుట్టు ఒత్తుకోవడమే కారణం. ఇలాంటి మచ్చను లెక్కచేయకుండా మళ్లీ కూర్చుంటే అది పుండై నెలల తరబడి మంచానికి కట్టేస్తుంది. అందుకని మరునాడంతా ఆ గదిలోనే బోర్లా పడుకున్నాను. మేనేజర్ గారు మూడు పూటలా భోజనం గదికే పంపించారు. ఆ ఒక్క రోజు ఆలస్యం గురించి నాకు ఏ విచారమూ లేదు.

కోదాడలో దిగినది ఖరీదైన హోటల్. ర్యాంప్ ఉందని గర్వంగా చెప్పారు. అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండవలసిన చోట నాలుగడుగులే కట్టి, దానిపై నున్నటి గ్రానైట్ పరిచారు. ఇద్దరు పట్టుకుంటే తప్ప ఎక్కలేకపోయాను. నందిగామలో బంధువుల ఇంట్లో ఉన్నాం. దారిలోని పెట్రోల్ బంకుల్లో రెండు చోట్ల దివ్యాంగుల మరుగుదొడ్డి విశాలంగానే ఉంది కానీ తాళం వేసి ఉంది; తెరిపిస్తే ఒకదాని నిండా చీపుళ్లు, బకెట్లు.

ఏడో రోజు ఉదయం ఇబ్రహీంపట్నం మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరి ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగాము. వచ్చే ఫిబ్రవరిలో ఇదే దారిన ఇద్దరు మిత్రులు బయలుదేరుతున్నారు. లాడ్జి వారిని లిఫ్ట్ గురించి అడగవద్దని, బాత్‌రూమ్ తలుపు ఎన్ని అంగుళాలో, గేటు నుంచి గది దాకా ఎన్ని మెట్లో అడగమని వారికి చెప్పాను. సూర్యాపేటలో మాత్రం ఏమీ అడగనక్కరలేదు, వారికి కింది అంతస్తులోని అదే గది ఇప్పటికే మాట్లాడి పెట్టాను.