ఇంట్లో కూర్చుని సాలార్‌జంగ్ మ్యూజియం బొమ్మలు చూశా

మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా అని కేంద్ర సాంస్కృతిక శాఖ పోర్టల్ ఒకటుంది, ఫ్రీనే. దీని వెనకున్న సాఫ్ట్‌వేర్ పేరు జతన్, పూణేలోని సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ వాళ్లు చేశారు. మన సాలార్‌జంగ్, నాగార్జునకొండ రెండూ ఉన్నాయి ఇందులో. నాగార్జునకొండ అంటే సాగర్ మధ్యలో దీవి కదా, లాంచీ ఎక్కి వెళ్లాలి, మా అమ్మకి నీళ్లంటే భయం, అందుకని ఆ ఇక్ష్వాకుల కాలం నాటి శిల్పాలు మంచం మీద కూర్చోబెట్టి చూపించా.

నాకు బాగా నచ్చింది ఏంటంటే ఉత్త ఫొటో పెట్టి వదిలెయ్యలేదు, వస్తువు కింద అక్సెషన్ నెంబరు (మ్యూజియం రిజిస్టర్లో ఆ వస్తువుకిచ్చిన నెంబరు), దేంతో చేశారు, కొలతలు, చిన్న వివరణ, ఇలా అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి, ఏ మ్యూజియం అయినా అంతే. పాత రిజిస్టర్లు తిరగేసినోళ్లకి తెలుస్తుంది దీని విలువ.

సాలార్‌జంగ్‌లో ఉన్న మేలిముసుగు రెబెక్కా విగ్రహం కోసం మొదట స్పెల్లింగ్ తప్పు కొట్టి ఇదేంటి దొరకట్లేదని తిట్టుకున్నా, తప్పు నాదే. అయినా ఆ పాలరాతి ముసుగు లోంచి మొహం కనిపించే మాయ మాత్రం స్క్రీన్ మీద రాదండీ, దానికి హైదరాబాద్ దార్-ఉల్-షిఫాలో ఉన్న మ్యూజియంకే వెళ్లాల్సిందే.

ఐదుకి నాలుగు.