సాఫ్ట్ ఫ్లేక్ స్నో: బొమ్మల బేస్‌ల మీద మంచు నిజంగా మంచులా ఉంటుందా?

1:35 స్కేలు (అసలు సైజులో 35వ వంతు) సైనికుల బొమ్మలకు మంచు బేస్, అంటే బొమ్మ నిలబడే పీట, చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, మంచులా చల్లే వంటసోడా పక్కన పెట్టి వుడ్‌ల్యాండ్ సీనిక్స్ వాళ్ల సాఫ్ట్ ఫ్లేక్ స్నో అనే తెల్ల పొడి కొనుక్కోండి. అది అమెరికా కంపెనీ, ముఖ్యంగా రైలు మోడళ్లు చేసేవాళ్ల కోసం తయారుచేస్తారు, కానీ మన పనికీ చక్కగా సరిపోతుంది.

మంచు విషయంలో అన్నిటికంటే ముఖ్యం పలుకు సైజు. 1:35లో ఒక మిల్లీమీటరు పలుకంటే సైనికుడి బూటు పక్కన మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి ఉన్నట్టే, ఎంత తెల్లగా ఉన్నా కన్ను నమ్మదు. చిన్న డబ్బాల్లో రెడీమేడ్‌గా దొరికే కొన్ని పేస్టులతో నాకున్న ఇబ్బంది ఇదే, ఆరాక ఉప్పు చల్లినట్టు కనిపిస్తాయి. ఈ పొడి మాత్రం మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, లైటు కింద బేస్‌ని కాస్త వంచి చూస్తే అక్కడక్కడా సన్నగా మెరుస్తుంది, అంతకుమించి తళుకు లేదు. నాకు బాగా నచ్చింది ఆ కొద్దిపాటి మెరుపే.

వంటసోడా చవకే, కాదనను. కానీ అది తేమ లాగుతుంది, తెల్ల జిగురుతో కలిశాక రోజులు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే దాని జోలికే వెళ్లకండి. గాజు మైక్రోబెలూన్లతో (లోపల ఖాళీగా ఉండే అతి చిన్న గాజు గోళీల పొడితో) చేసే మంచు మాత్రం అద్భుతంగా ఉంటుంది, అయితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు కాబట్టి మాస్క్ లేకుండా మూత కూడా తీయొద్దు, పిల్లలు తిరిగే ఇంట్లో నేనైతే వాడను.

వాడే పద్ధతి చెప్తాను, ఎందుకంటే సగం ఫలితం ఇందులోనే ఉంది. మంచు పడే చోట ముందు తెల్లరంగు వేసేయండి, లేకపోతే కింద మట్టిరంగు తొంగిచూస్తుంది. అడుగు లోతు మంచు ఈ స్కేలులో 9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువే వస్తుంది, ఆ ఎత్తంతా పొడితో నింపక్కర్లేదు, కింద పుట్టీతోనో ఫోమ్‌తోనో దిబ్బ కట్టేయండి. తర్వాత తెల్ల జిగురులో నీళ్లు కలిపి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే జిగురు ముద్దలు కట్టకుండా సమంగా పరుచుకుంటుంది. దాని మీద టీ వడకట్టే జాలీతో పొడిని పైనుంచి చల్లండి, ఆరనివ్వండి, మళ్లీ చల్లండి. ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు, ఇది గాలికి ఇట్టే ఎగిరిపోతుంది! పొడిని జిగురులో ముందే కలిపి పూస్తే మాత్రం ఆ మెత్తదనం పోయి చిత్తడిలా తయారవుతుంది, బండి చక్రాల జాడల్లో కరుగుతున్న మంచు కావాలంటే అదే పద్ధతికి కొంచెం గ్లాసీ (నిగనిగలాడే) వార్నిష్ తోడు చేయండి, సరిగ్గా కుదురుతుంది.

జిగురు తడిగా ఉండగానే బొమ్మ బూటుతో అడుగులు నొక్కితే అంచులు కొద్దిగా పైకి లేచి, లోపల గుంట పడుతుంది. ఆ గుంటలో బాగా పలచన చేసిన లేత నీలం ఒక్క పూత వేసి చూడండి, రెండో ప్రపంచయుద్ధంలో 1942-43 చలికాలపు స్టాలిన్‌గ్రాడ్ సీను చేసేవాళ్లకు ఆ ఒక్క నీడతోనే చలి కనిపిస్తుంది. ప్యాంటు అంచులకు, మోకాళ్లకు, రాళ్ల పైభాగాలకు కూడా కాస్త అంటించండి, గాలి ఒకవైపు నుంచే వీచినట్టు ఆ పక్కనే ఎక్కువగా. చాలామంది బేస్ మీద మంచు పోసి బొమ్మని పొడిగా వదిలేస్తారు, అక్కడే సీను చెడుతుంది.

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేసేది ఉంటే మంచు వేయకముందే చేసేయండి, తర్వాత కొడితే ఆ మెరుపు చచ్చిపోతుంది.

ఇక ధర. దిగుమతి సరుకు కాబట్టి మన దగ్గర తక్కువేం కాదు, ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు సీలు ఊడిన డబ్బా పంపి, ఫోటోలు పెట్టినా మార్చి ఇవ్వడానికి చాలా సతాయించాడు, అందుకే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. డబ్బా పెద్దదే, చిన్న బేస్‌లు చేసేవాళ్లకు చాలాకాలం వస్తుంది, ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి కొని పంచుకున్నా సరిపోతుంది. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర.